నక్షత్రాల అంచు

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోనండీ మావయ్యగారూ?" అంది షైనీ.

పొద్దుట్నుంచీ ఆమె నోటివెంట వచ్చిన మాట అదొక్కటే.

బాబూరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. కోపం వస్తే ఆయన చేసే పని అది. నోరు జారకుండా ఉండడానికి అద్దాలు తుడుస్తారు. ఇవాళ ఆ అద్దాలు తళతళలాడిపోతున్నాయి.

ఎదురుగా బల్ల మీద షైనీ తల్లి మరియమ్మ కూచుని ఉంది. సంగతి తెలిసిన వెంటనే రాజోలు నుంచి మొదటి బస్సెక్కి అమలాపురం వచ్చేసింది. వియ్యపురాలు పెట్టిన కాఫీ ముట్టలేదు. దానిమీద మీగడ కట్టేసింది.

"చల్లారిపోయింది వదినగారూ. ఇలా ఇవ్వండి, వేడి చేసి తెస్తాను," అంది ఎలీసమ్మ.

"వద్దు వదినగారూ. మా పిల్లని అబద్ధాలకోరు అన్న ఇంట్లో నాకు గొంతు దిగదండి."

"ఎవరో ఏదో కోపంలో అన్నమాట పట్టుకుని..."

"ఎవరో కాదు కదండీ. తాళి కట్టినాయనే అన్నాడు."

తాళి కట్టినాయన మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నించున్నాడు. ఈ ఇంట్లో అగ్గి రాజేసింది సన్నీయే. ఇప్పుడు దాని సెగ తనకి తగలకుండా ఎటు తప్పుకోవాలా అని చూస్తున్నాడు.

"చెల్లెమ్మగారూ," అన్నారు బాబూరావుగారు కళ్ళజోడు పెట్టుకుంటూ, "షైనీ నాకు కోడలు కాకముందు నా శిష్యురాలండీ. ఈ గదిలోనే, ఆ కిటికీ పక్క మెషిను మీద టైపు నేర్చుకుంది. హయ్యరు ఫస్టుక్లాసులో పాసైంది. నా ఇన్‌స్టిట్యూటు నడిచినన్నాళ్ళూ అలాంటి చెయ్యి ఇంకొకళ్ళకి లేదండీ. ఆ చెయ్యి చూసే మావాడికి చేసుకున్నాను. నాకు మాత్రం బాధ ఉండదా?"

"మీ శిష్యురాల్నే కదండీ," అంది షైనీ. "మీరైనా నమ్మొచ్చు కదండీ."

"నమ్మేవాణ్ణే అమ్మా. ఫైలు మీద తేదీ అలా ఉందే! దాన్నేం చెయ్యమంటావు?"

షైనీ తల దించుకుంది. ఆ తేదీయే ఆమెని ముంచేసింది.

హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. ఆస్పత్రులకి సాఫ్టువేరు అమ్ముతారు. దాన్ని రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. లోపల ఏ ముక్క ఏ పని చేస్తుందో ఇప్పుడక్కడ చెప్పేవాడు లేడు. చదివి, ప్రతి ముక్కకీ పైన నాలుగు మాటల్లో వివరం రాసి, ఆ వివరాలన్నీ ఒక పుస్తకంగా చేసి ఇవ్వాలి. సన్నీ ఆ పని తెచ్చుకున్నాడు. సగం ఫైళ్ళు తను చూశాడు, సగం షైనీ చూసింది. వివరాలు ఏరి పుస్తకంగా పేర్చే ప్రోగ్రాం కూడా సన్నీయే రాశాడు. ప్రతి వివరం కింద రాసినవాళ్ళ పేరు పడుతుంది. ఆ పేరు అచ్చులో చూసుకోవాలని షైనీకి ఎంత ఆశో ఎలీసమ్మకి కూడా తెలుసు. వంట చేస్తూ పదిసార్లు చెప్పింది.

పుస్తకం వెళ్ళింది. సగమే వచ్చిందని కంపెనీ నుంచి ఫోనొచ్చింది. చూస్తే లేని సగం మొత్తం షైనీదే.

ఆమె కంగారుపడి తన ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మూసేటప్పుడు సేవ్ కొట్టింది. అమలాపురం కరెంటుని నమ్మి ఎవరూ ఊరికే మూసెయ్యరు, ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటు. దాంతో ఫైళ్ళన్నిటి మీదా ఆ పూట తేదీ పడింది. సన్నీ వచ్చి తేదీ చూశాడు. "పట్టుబడ్డాక కూచుని కొట్టేసి, ఎప్పుడో చేసేనంటావా?" అన్నాడు. ఒక్క పూటలో అంత ఎలా కొడతానండీ అని ఆమె అడిగితే, "నీ చేతి వేగం ఎవరికి తెలీదు?" అన్నాడు. ఆ వేగానికే ఒకప్పుడు బాబూరావుగారు క్లాసులో అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఇప్పుడదే ఆమె మీద సాక్ష్యం అయి కూచుంది.

"మా పిల్లని నాతో పంపించెయ్యండి అన్నయ్యగారూ," అంది మరియమ్మ.

"పంపిస్తాం. కానీ ఇలా తగువాడి కాదు. అబద్ధమాడేనని ఒక్క మాట ఒప్పుకోమనండి. అందరం మోకరించి ప్రార్థన చేసుకుందాం. ఆ తర్వాత ఎన్నాళ్ళైనా ఉండి రమ్మనండి."

"ఒప్పుకోనండీ," అంది షైనీ.

"ఇంక ఆపండి!" అన్నాడు సన్నీ. "ఎప్పుడు కొడితేనేం, ఇప్పుడైతే పేజీలు ఉన్నాయి కదా. పైకెళ్ళి పుస్తకం మళ్ళీ తీస్తాను. కంపెనీకి పంపేస్తే గొడవ వదిలిపోతుంది."

షైనీ అతని వైపు చూసింది.

"తియ్యండి," అంది. "ఎప్పుడు కొట్టేనో పుస్తకం చెప్పదు కదండీ. మీరు చెప్పిందే నిలబడుతుంది."

సన్నీ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. గెలిచినవాడిలా మాత్రం ఎక్కలేదు.

*

మేడమీద గదిలో కంప్యూటరు ముందు కూచుని ప్రోగ్రాం నడిపించాడు. ఫైళ్ళన్నీ గబగబా తిరిగాయి. పుస్తకం తయారైంది. మొదటినుంచీ తిప్పుకుంటూ వెళ్ళాడు.

షైనీ పేజీలు లేవు.

మళ్ళీ నడిపించాడు. మళ్ళీ లేవు.

షైనీ ఫైలు తెరిచాడు. వివరాలు కళ్ళెదుటే ఉన్నాయి. ఫోనొచ్చాక కొట్టిందో, నెల కిందట కొట్టిందో, కొట్టిన మాటైతే నిజం. ఉన్నవాటిని ఈ ప్రోగ్రాం చూడటం లేదు.

అంటే అప్పుడూ ఉన్నాయి. అప్పుడూ ఇది చూడలేదు.

సన్నీ తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. తన ప్రోగ్రాం తప్పు చేసి ఉండొచ్చన్న అనుమానం ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అతని గడప తొక్కలేదు. పెళ్ళాం అబద్ధమాడిందని నమ్మడం అతనికి దానికన్నా సులువైపోయింది. ఆ మాట తనకి తానే అనుకునేసరికి ఛీ అనిపించింది.

ప్రోగ్రాంలో మొదటి భాగాన్ని టోకెనైజర్ అంటారు. ఫైల్లో ఉన్నదంతా అక్షరం వెంట అక్షరం చదువుతూ, ఇది పని చేసే ముక్క, ఇది మనుషుల కోసం రాసిన వివరం అని విడగొట్టడం దాని పని. ఏటవాలు గీత, వెంటనే నక్షత్రం కనిపిస్తే వివరం మొదలైనట్టు. నక్షత్రం, వెంటనే గీత కనిపిస్తే అయిపోయినట్టు. సన్నీ తను రాసిన వివరాలు అలాగే ముగించాడు, ఒక్క నక్షత్రం, ఒక్క గీత. వాటితోనే ప్రోగ్రాంని పరీక్షించుకున్నాడు. తాను మునిగిందే గంగ అనుకున్నాడు.

షైనీ అలా ముగించదు. ఆమె బాబూరావుగారి దగ్గర టైపు నేర్చుకుంది. "శీర్షికకి నక్షత్రాల అంచు కొట్టకపోతే, అంచులేని చీర కట్టుకుని పెళ్ళికెళ్ళినట్టుంటుందమ్మా" అని ఆయన ప్రతి బ్యాచికీ చెప్పేవారు. అంచుకి మార్కులు వేసేవారు. అందుకే షైనీ ప్రతి వివరానికీ పైనా కిందా పొడుగ్గా నక్షత్రాల వరస కొట్టింది. కింది వరస చివర గీత పెట్టి ముగించింది. రాతలో తప్పేమీ లేదు. ఏ కంప్యూటరైనా ఒప్పుకునే రాతే.

ఒప్పుకోనిది సన్నీ టోకెనైజర్. అది నక్షత్రం కనపడగానే దాని పక్కదాన్ని కూడా కలిపి తీసుకుంటోంది. పక్కన గీత ఉంటే సరే, లేకపోతే రెండిటినీ అవతల పారేస్తోంది. షైనీ వరసలో నక్షత్రాలు ఎప్పుడూ సరిసంఖ్యే; అవి అలా జతలు జతలుగా పోయి, చివరి నక్షత్రం కూడా ఎవరి జతలోనో కలిసి పోయింది. గీత ఒంటరిగా మిగిలింది. ఒంటరి గీతకి అర్థం లేదు. వివరం ఇంకా అవలేదనుకుని అది అలా చదువుకుంటూ ఫైలు చివరిదాకా మింగేసింది.

సరిచెయ్యడానికి ఒక్క లైను చాలింది. పక్కది గీత కాకపోతే పారెయ్యకుండా వెనక్కి పెట్టి మళ్ళీ చూడమన్నాడు.

ప్రోగ్రాం నడిపించాడు. షైనీ పేజీలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, ప్రతి వివరం కిందా ఆమె పేరు. సన్నీ చదివాడు. అంతకుముందు చదవలేదు, అదీ నిజమే. ఎంత తేటగా రాసింది! తన రాతలకన్నా బాగున్నాయి. ఒక్క పూటలో తోచిన రాతలు కావవి. చదివితే ఎవరికైనా తెలిసేది. చదవలేదు, తేదీ చూశాడు.

అక్కడితో అయిపోతే బాగుండును. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అనుకుని కిందికి దిగిపోయేవాడు. కానీ సరిచేసిన లైనుకి కాస్త కింద ఇంకో లైను కనిపించింది. అది ఎవరు కొట్టారో, ఏ మధ్యాహ్నం కొట్టారో సన్నీకి గుర్తుంది.

వివరం ముగియకుండానే ఫైలు అయిపోతే ప్రోగ్రాం ఊరుకునేది కాదు. తెర మీద ఎర్రగా హెచ్చరిక వేసేది. కంపెనీ మేనేజరు అమలాపురం వచ్చి పని చూస్తానన్న రోజున తెర నిండా ఆ ఎర్ర లైన్లే. పెద్దమనిషి ముందు పరువు పోతుందని సన్నీ ఆ లైను కొట్టి హెచ్చరిక రాకుండా చేశాడు. ఏ ఫైళ్ళకి వస్తోందో చూడలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. మేనేజరు మెచ్చుకుని వెళ్ళాడు. తర్వాత అనేది రాలేదు.

ప్రోగ్రాం చెప్పింది. దాని నోరు తనే మూశాడు. ఆ తర్వాత పెళ్ళాం చెప్పింది. ఆమె నోరూ మూయించాడు.

ఇంకొకటి కూడా ఉంది. నిన్న కంపెనీకి మెయిలు పంపాడు. "ఆ భాగం చూసిన షైనీ అనే ఆవిడ పని చెయ్యకుండానే చేశానని అబద్ధం చెప్పింది. ఆమెను పనిలోంచి తీసేశాము," అని రాశాడు. ఆవిడ తన భార్య అని మాత్రం రాయలేదు. మొదట్లో, ప్రోగ్రాం రాయకముందు, చేత్తో పేర్చిన నమూనా పేజీలు చూసి, ఇది రాసినవాళ్ళకే రాబోయే పని ఇస్తానన్నది కూడా ఆ మేనేజరే. ఆ నమూనా షైనీది.

చెప్పెయ్యాలి, అనుకున్నాడు. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. చెప్పకపోతే? పేజీలు వచ్చేశాయి. పుస్తకం పంపేస్తే కంపెనీ ఊరుకుంటుంది. షైనీ పట్టుబడ్డాకే కొట్టిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఇప్పటికే అనుకుంటున్నారు. ఎవరికీ ఏమీ తెలీదు.

ఆ ఆలోచన తనకే వచ్చిందా అని సన్నీ భయపడ్డాడు. భయపడినా కుర్చీలోంచి లేవలేదు.

*

కింది నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. షైనీ అనుకున్నాడు సన్నీ. కాదు, మగగొంతు.

పేజీలు చేతిలో పట్టుకుని మెట్ల మలుపు దగ్గరికి వచ్చాడు.

బాబూరావుగారు ఏడుస్తున్నారు. టైపు క్లాసుల్లో ఆయన దగ్గుకే పిల్లల చేతులు వణికేవి. అలాంటి మనిషి కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

"నా చేత్తో నేర్పేనమ్మా నీకు," అంటున్నారు. "అక్షరం తప్పు పోతే కాయితం మార్చి మళ్ళీ కొట్టేదానివి. రబ్బరు పెట్టి చెరిపేదానివి కాదు. ఆ పిల్ల ఏమైపోయిందమ్మా? మేమేం లోటు చేసేం నీకు?"

షైనీ తల్లి పక్కనించి లేచి వచ్చి ఆయన కుర్చీ దగ్గర నేల మీద కూచుంది.

"ఏడవకండి మాస్టారూ," అంది. పెళ్ళయ్యాక ఆమె ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. "మీరు ఏడిస్తే నేను చూడలేనండి. నేను పని చెయ్యలేదు. చేసేనని అబద్ధమాడేను. క్షమించండి."

"షైనీ!" అంది మరియమ్మ.

"ఊరుకో అమ్మా."

"ఏమే, ఇందాకటిదాకా..."

"ఊరుకోమన్నాను కదా."

బాబూరావుగారు కోడలి తలమీద చెయ్యి వేశారు. ఎలీసమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ప్రభువా, ఇన్నాళ్ళకి ఇంటికి నెమ్మదినిచ్చేవు," అంది. అందరి మొహాల్లోనూ ఒక తేలిక కనిపించింది, షైనీ మొహంలో తప్ప.

ఇప్పుడు చాలా సులువు. నోరు విప్పకుండా నించుంటే చాలు. ఆమె ఒప్పేసుకుంది.

"నాన్నగారూ," అన్నాడు సన్నీ. "ఆమె చేసింది. ఎప్పుడో చేసింది. తప్పు ప్రోగ్రాంలో ఉందండి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. సన్నీ మెట్లు దిగి వచ్చి పేజీలు తండ్రి చేతిలో పెట్టాడు. చెప్పుకొచ్చాడు. నక్షత్రాల వరస దగ్గర టోకెనైజర్ దారితప్పడం, షైనీ ఫైళ్ళు మింగెయ్యడం, ఇవాళ నడిపినా మొదట అలాగే మింగడం.

బాబూరావుగారు పేజీలు చూస్తూ, "నేను నేర్పిన అంచు వల్లా?" అన్నారు.

"అంచులో తప్పులేదండి. చదవడం చేతకాలేదు దానికి."

"అంటే మెషిను తప్పన్నమాట!" అంది ఎలీసమ్మ. మొహం విప్పారింది. "ఇంకేం! ఎవరి తప్పూ కాదు. వదినగారూ, విన్నారా? మెషిను తప్పటండీ. దేవునికి స్తోత్రం. ఉండండి, కాఫీ తెస్తాను."

మరియమ్మ కదల్లేదు. "మెషినుకి మా పిల్ల మీద కక్షేమిటండీ?" అంది మెల్లిగా.

సన్నీ ఊపిరి తీసుకున్నాడు. గండం గడిచింది అనుకున్నాడు. తప్పు తనదే అయినా ప్రోగ్రాం అనే మాట వెనకాల దాక్కోవడానికి కాస్త చోటు దొరికింది.

షైనీ నేల మీదే కూచుని ఉంది. పేజీల కోసం చెయ్యి చాపలేదు.

"ఏమండీ," అంది. "అది అలా తప్పుపోయినప్పుడు తెరమీద ఏమీ చెప్పదాండీ?"

సన్నీ మెట్ల వైపు చూశాడు.

"ఆ మేనేజరుగారు రాకముందు ఎర్రగా ఏవో లైన్లు వచ్చేవి కదండీ? నేను అడిగితే, నీకెందుకు అన్నారు. తర్వాత రావడం మానేసేయి."

"చెప్పేది," అన్నాడు సన్నీ. అందరూ అతన్నే చూస్తున్నారు. "నేనే తీసేసేను. ఆయన చూస్తే బాగుండదని. ఏ ఫైళ్ళకి వస్తోందో కూడా చూడలేదు. అది చూసి ఉంటే ఇదంతా లేదు. నీ మీద ఆ మాట అనేటప్పుడు కూడా ఒక్కసారి వెనక్కి చూడాలనిపించలేదు షైనీ. తప్పు నాదే."

బాబూరావుగారు పేజీలు ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళజోడు తుడవలేదు. కొడుకు మీద అరవనూ లేదు. అరిస్తే సన్నీకి హాయిగా ఉండేది.

"దాని చేత అబద్ధం ఒప్పించేను," అన్నారు ఆయన తనలో తను. "ఏడ్చి మరీ ఒప్పించేను."

"లేవవే," అంది మరియమ్మ, కూతురి రెక్క పట్టుకుని. "విన్నావు కదా. చాలు. పద, బస్సుకి టైమవుతోంది."

షైనీ లేచింది. తల్లితో వెళ్ళలేదు. సన్నీ ఎదురుగా వచ్చి నించుంది. ఏడవడం లేదు. నాలుగు రోజులుగా అతన్ని సూటిగా చూడని కళ్ళు ఇప్పుడు సూటిగా చూస్తున్నాయి.

"ఇంట్లోవాళ్ళ ముందు అన్నారు. ఇంట్లోవాళ్ళ ముందే కాదన్నారు. అది నేను దిగమింగుకుంటానండి. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. కంపెనీవాళ్ళతో నా గురించి ఏమైనా అన్నారా?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. సన్నీకి ఆ సంగతి తెలుసు. ఇప్పుడు చెప్తే ఆమె ఆ చేత్తోనే తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతుంది. అదీ తెలుసు.

"లేదు," అన్నాడు.

"నా పేరు చెప్పలేదా?"

"లేదన్నాను కదా."

షైనీ కళ్ళలో అప్పుడు నీళ్ళు తిరిగాయి. ఆమె తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు వెళ్ళు. నేను రాను. ఇది నా ఇల్లే."

మరియమ్మ అల్లుడి మొహం కాసేపు చూసింది. చల్లారిన కాఫీ గ్లాసు తీసుకుని, అలాగే తాగేసింది.

బాబూరావుగారు కుర్చీలోంచి లేచారు. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, చొక్కా సర్దుకున్నారు. మళ్ళీ టైపు మాస్టారు అయిపోయారు.

"నేను చేసిన తప్పు నేను దిద్దుకోవాలమ్మా," అన్నారు కోడలితో. "ఆ పేజీలు నా శిష్యురాలు రాసింది, నా కోడలు షైనీ రాసింది అని ఆ మేనేజరుగారికి నా నోటితో నేనే చెప్తాను. ఇంగ్లీషులోనే చెప్తాను. ఆఫీసు మూసెయ్యకముందే చేసేద్దాం."

ఫోను దగ్గరికి వెళ్ళి రిసీవరు తీసి, కొడుకు వైపు చూశారు.

"నంబరు చెప్పరా సన్నీ."